పాత కుట్టు మిషను ఎవరికివ్వాలి?

ఓ తరం వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలెడితే చాలా వస్తువులకి దారి ఇట్టే దొరుకుతుంది. ఇత్తడి బిందెలు తూకానికి పోతాయి. మంచాలూ బీరువాలూ చుట్టాల్లో ఎవరో ఒకరు పట్టుకెళ్తారు. ఫ్రిజ్జూ టీవీ ఎక్స్ఛేంజిలో పోతాయి. కుట్టు మిషను దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ఆగిపోతారు. పారెయ్యబుద్ధి కాదు. పెట్టుకోడానికి చోటుండదు. ఎవరికన్నా ఇద్దామంటే "ఈ రోజుల్లో ఇదెవరిక్కావాలి?" అని సందేహం. ఆఖరికి అది మెట్ల కింద ఓ పాత దుప్పటి కప్పుకుని ఇంకో పదేళ్ళు గడిపేస్తుంది.

ఈమధ్య మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది. తెనాలిలో మా అమ్మమ్మ ఇల్లు అమ్మేశారు. ఆవిడ సింగర్ మిషను ఏం చెయ్యాలన్నదాని మీద మూడు పార్టీలు తయారయ్యాయి. పాత వస్తువులు కొనేవాడెవడో మంచి రేటు ఇస్తానన్నాడు, అమ్మేద్దామని మావయ్య. కాదు, మన దగ్గరే ఉంచుకుందామని అమ్మ (హైదరాబాదులో మాది రెండు బెడ్రూముల ఫ్లాటు). కుట్టుకునేవాళ్ళెవరికైనా ఇద్దామని పిన్ని. ఈ వ్యవహారంలో నాకు ఓటు లేదు గానీ, మొయ్యాల్సింది మాత్రం నేనే :)

ఆ పదిరోజులూ కుట్టు మిషన్ల చరిత్ర పట్టుకుని కూర్చున్నాను. చదివేకొద్దీ తెలిసిందేంటంటే, పాత మిషను ఎవరికి చేరాలన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టింది కాదు. దాదాపు నూట డెబ్భై ఏళ్ళ నుంచీ ఉంది. అమ్మే కంపెనీది ఒక లెక్క, వాడే మనిషిది ఇంకో లెక్క. ఈ రెండో లెక్కే గెలుస్తూ వచ్చింది. అందుకే నేను పిన్ని పార్టీ. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కుట్టు మిషనుని ఎవరో ఒక్కరు కనిపెట్టలేదు. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమొనియే అనే దర్జీ 1830లో పేటెంటు తీసుకుని, పారిస్‌లో ఎనభై మిషన్లు పెట్టి సైనికుల యూనిఫారాలు కుట్టించడం మొదలుపెట్టాడు. 1831లో మిగతా దర్జీలు గుంపుగా వచ్చి వాటిని విరగ్గొట్టి పోయారు. పొట్ట కొడుతోందన్న భయం వాళ్ళది. తర్వాత అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు తీసుకున్నాడు. చేత్తో కుట్టే సూదికి బెజ్జం వెనకుంటుంది కదా, ఈయన మిషను సూదికి బెజ్జం మొన దగ్గరుంది. పై దారం సూదితో కిందికి దిగుతుంది, కింద షటిల్ ఇంకో దారాన్ని దాని మెలికలోంచి తీసుకెళ్తుంది. రెండు దారాలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దీన్నే లాక్‌స్టిచ్ అంటారు. ఇవాళ మనింట్లో మిషను కుట్టేదీ అదే కుట్టు.

ఐజాక్ మెరిట్ సింగర్ ఆ తర్వాత వచ్చాడు. 1851 ఆగస్టులో అతనికి పేటెంటు వచ్చింది. నిలువుగా పైకీ కిందికీ ఆడే సూది, బట్టని అదిమిపట్టే ఫుట్, కాలితో తొక్కే ఏర్పాటు, వీటన్నిటితో ఇంట్లో మామూలు మనిషి వాడుకోగలిగే మిషను తయారుచేశాడు. బెజ్జం మొన దగ్గరుండే సూదీ లాక్‌స్టిచ్చూ నావని హోవే కేసు వేసి గెలిచాడు. ఆ రోజుల్లో మిషన్లు చేసే ప్రతివాడూ ఇంకొకడి మీద కేసు వేసినవాడే. ఆఖరికి 1856లో హోవే, సింగర్, ఇంకో రెండు కంపెనీలు కలిసి పేటెంట్లన్నీ ఒకచోట పోగేసుకుని, ప్రతి మిషను మీదా ఫీజు వసూలు చేసి పంచుకునే ఒప్పందానికొచ్చాయి. మొబైల్ ఫోన్ కంపెనీల పేటెంటు యుద్ధాలు చూసినవాళ్ళకి ఇదంతా చూసేసిన సినిమాలాగే ఉంటుంది. ఆ ముఖ్యమైన పేటెంట్లు 1877 నాటికి ముగిసిపోయాయి. అప్పట్నుంచీ ఈ డిజైనుని ఎవరైనా తయారుచేసుకోవచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు మన విషయానికి మూలపురుషుడు సింగర్ కాదు, అతని భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్. ఆయన లాయరు. మొదట్లో మిషను ధర వంద డాలర్ల పైన ఉండేది. మామూలు అమెరికన్ కుటుంబానికి ఏడాదికి ఐదొందల డాలర్లొస్తే గొప్ప. ఎవరు కొంటారు? క్లార్క్ 1856లో రెండు పనులు చేశాడు. మొదటిది వాయిదాల పద్ధతి: కొంత కట్టి మిషను ఇంటికి తీసుకుపోండి, మిగతాది నెలనెలా కట్టండి. 1855లో 883 మిషన్లు అమ్మిన కంపెనీ 1856లో 2,564 అమ్మింది. మిషను తన ఖరీదు తనే సంపాదించుకుంటుంది, అదీ అందులో కిటుకు. కుట్టుపని చేసి ఆ డబ్బుతోనే వాయిదా కట్టొచ్చు.

రెండోది మాత్రం మా మావయ్య చెవిన వెయ్యాల్సిన సంగతి. మీ పాత మిషను, మాదైనా సరే ఇంకొకరిదైనా సరే, తెచ్చిస్తే కొత్తదాని మీద 50 డాలర్లు తగ్గిస్తామన్నారు. ఎక్స్ఛేంజి ఆఫరు! అలా వచ్చిన పాత మిషన్లని బాగుచేసి అమ్మారా? లేదు, పగలగొట్టేశారు. పాతది తక్కువ ధరకి చేతులు మారుతూ ఉంటే కొత్తది అమ్ముడుపోదు కదా. అంటే సెకండ్ హాండ్ మిషనుకి ఇంకో ఇల్లు దొరకడమన్నది అంత తొలిరోజుల్లోనే కంపెనీకి తలనొప్పి. వస్తువు ఎంత గట్టిదైతే దాన్ని తయారుచేసినవాడికి అంత పోటీ.

ఐనా గట్టిగా తయారుచెయ్యడం మాత్రం మానలేదు. స్కాట్లాండులో గ్లాస్గో పక్కన క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో సింగర్ కంపెనీ 1885లో కిల్బోవీ ఫ్యాక్టరీ తెరిచింది. 1913లో ఆ ఒక్క ఫ్యాక్టరీ నుంచి 13 లక్షలకు పైగా మిషన్లు బయటికొచ్చాయి. అంతకు రెండేళ్ళ ముందు, 1911లో, అక్కడ పెద్ద సమ్మె జరిగింది. పాలిష్ చేసే విభాగంలో పన్నెండు మంది ఆడవాళ్ళ పనిభారం పెంచితే మొదలై పదకొండు వేలమంది బయటికొచ్చేశారు. ఆడవాళ్ళ చేతికి పనిముట్టు అందించే ఫ్యాక్టరీలో ఆడవాళ్ళే ముందు పని ఆపారన్నమాట. ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ లేదు గానీ రైల్వే స్టేషను పేరు మాత్రం ఇప్పటికీ "సింగర్".

మన ఇళ్ళల్లో ఉన్న పాత సింగర్ మిషన్లు చాలావరకు అక్కడివే. మోడల్ నంబరు చివర "కె" అక్షరం ఉంటే అది కిల్బోవీ గుర్తు. మిషను అడుగు పలక మీద కుడివైపు ఓ నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు ముందున్న అక్షరాలని బట్టి ఏ ఏడాదిదో చెప్పెయ్యొచ్చు, పట్టికలు దొరుకుతాయి. "వై"తో మొదలైతే 1920లు, 30ల తొలిరోజులది. "ఈ" తర్వాత ఇంకో అక్షరం ఉంటే ఆ తర్వాతిది. అమ్మమ్మ మిషను మీద ఏళ్ళ తరబడి పేరుకున్న నూనె జిడ్డు కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే నంబరు బయటపడింది. 15కె రకం, 1950ల మొదట్లోది. అంటే అమ్మమ్మ పెళ్ళికంటే పాతది. ఇదెలా కుదిరిందో ఇంకాసేపట్లో చెప్తాను.

మన దేశానికి సింగర్ మిషన్లు 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలోనే వచ్చేశాయి. నసర్వాన్‌జీ మేర్వాన్‌జీ పటేల్ అనే పార్సీ పెద్దమనిషి వాటికి ఏజెంటు. డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 2013లో ఓ పుస్తకం రాశాడు. రైళ్ళూ డ్యాములూ లాంటి భారీ వ్యవహారాలు పక్కనపెట్టి, సైకిలు, టైపురైటరు, రైసుమిల్లు, కుట్టు మిషను, ఈ నాలుగూ మన దేశాన్ని ఎలా మార్చాయో రాశాడు. ఇక్కడ మిషను ముందు ఇళ్ళల్లోకి కాదు, దర్జీల దగ్గరికి చేరింది. చీరకీ ధోవతికీ కుట్టుపని అక్కర్లేదు కదా. రవికె, లాగు, చొక్కా వాడకం పెరిగేకొద్దీ మిషను వీధరుగు మీదికీ, అక్కణ్ణుంచి ఇంట్లోకీ వచ్చింది.

గాంధీగారి మాట లేకుండా ఈ కథ పూర్తవదు. 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థి ఆయన్ని "మీరు యంత్రాలన్నిటికీ వ్యతిరేకమా?" అని అడిగాడు. అన్నిటికీ కాదంటూ, సింగర్ కుట్టు మిషనుని మినహాయింపుగా చూపించారు గాంధీగారు. భార్య చేత్తో కుట్టలేక అవస్థ పడుతుంటే చూడలేక సింగర్ ప్రేమతో దాన్ని తయారుచేశాడన్నది ఆయన చెప్పిన కారణం. నిజం చెప్పాలంటే సింగర్ చరిత్ర వేరే. అతనో నాటకాల నటుడు, ఒకేసారి రెండుమూడు సంసారాలు నడిపినవాడు, ఆ గొడవల్లోనే అమెరికా వదిలి పోయి 1875లో ఇంగ్లండులో చనిపోయాడు. భార్య కుట్టుపనితో ఇల్లు నడవడం చూశాడన్న కథ హోవే గురించి చెబుతారు. మనిషి సంగతి ఎలా ఉన్నా గాంధీగారి వాదనకి వచ్చిన నష్టం లేదు. మనిషి చేతుల్ని పనిలేకుండా చేసే యంత్రం వేరు, ఆ చేతులకే బలాన్నిచ్చే యంత్రం వేరు. మరి ఆ మిషన్లు తయారవ్వడానికి పెద్ద ఫ్యాక్టరీ కావాలి కదా అని ఆ కుర్రాడు వదలకుండా అడిగితే, అలాంటి ఫ్యాక్టరీలు ప్రభుత్వ ఆధీనంలో ఉండాలన్నారు.

ప్రభుత్వం చెయ్యలేదు గానీ, ఇక్కడి మనిషే చేశాడు. 1930ల మధ్యలో కలకత్తాలో బిషన్ దాస్ బాసిల్ జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ పెట్టి "ఉషా" మిషను తయారుచేశాడు. కూతురి పేరే మిషనుకి పెట్టాడని చెప్తారు. 1938లో ఢిల్లీకి చెందిన లాలా శ్రీరామ్ ఆ కంపెనీని చేతిలోకి తీసుకున్నారు. లుధియానాలో చిన్నచిన్న కార్ఖానాలు ఎన్నో పుట్టుకొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాను వాళ్ళైతే సింగర్ 15 నమూనానే ప్రమాణంగా తీసుకుని, ఎవరు చేసిన భాగమైనా ఎవరి మిషనుకైనా పట్టేలా తయారుచేసి ప్రపంచమంతా అమ్మారు. పేటెంట్లు 1877కే అయిపోయాయని చెప్పాను కదా, దాని ఫలితం ఇది. మన వీధి చివర టైలరు దగ్గర కనపడే నల్ల మిషను ఏ పేరుతో ఉన్నా, చాలావరకు ఈ కుటుంబంలోదే.

దీనివల్ల ఏమైందంటే, 1950లనాటి మిషనుకి ఇవాళ కిరాణా కొట్టు పక్కన ఫ్యాన్సీ షాపులో కొన్న సూది పడుతుంది. ఒకవైపు చదునుగా ఉండే ఇంటి మిషను సూది, ప్యాకెట్ మీద హెచ్ఏ ఎక్స్ 1 అని ఉంటుంది. బాబిన్ కూడా దొరుకుతుంది. బాబిన్ కేసూ దొరుకుతుంది, బెల్టూ దొరుకుతుంది. మా ఫీల్డులో పదేళ్ళ కిందటి ప్రోగ్రాము ఇవాళ్టి కంప్యూటర్లో నడిస్తే పండగ చేసుకుంటాం. డెబ్భై ఏళ్ళ కిందటి మిషను కొత్త సూదితో నడవడం అంతకంటే గొప్ప కాదూ? ఎక్స్ఛేంజి పెట్టి పగలగొట్టించినా పాత మిషను చావకపోవడానికి కారణం ఇదే. డిజైను ఎవరి గుప్పిట్లోనూ లేదు, విడిభాగాలు అందరి దగ్గరా ఉన్నాయి, బాగుచేసే మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు.

ఇక అమ్మమ్మ మిషను దగ్గరికొద్దాం. తాతయ్య తెనాలిలో ఓ ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు కూర్చే పని. కళ్ళు దెబ్బతిని ఆ పని తగ్గించుకోవాల్సి వచ్చింది. 1969లో కొట్టు ఎత్తేస్తున్న ఓ టైలరు దగ్గర అమ్మమ్మ ఈ మిషను కొంది. డబ్బు మూడు వాయిదాల్లో ఇచ్చింది. న్యూయార్కు లాయరుగారి లెక్క తెనాలి టైలరు దాకా వచ్చిందన్నమాట. అక్కణ్ణుంచి ముప్ఫయ్యేళ్ళు వీధిలో వాళ్ళ రవికెలూ, పిల్లల పరికిణీలూ, సంక్రాంతికి ముందు రాత్రి పన్నెండింటి దాకా కుట్టింది. అమ్మ ఇంటరు ఫీజు, పిన్ని టీచర్ ట్రైనింగు ఈ మిషను మీదే గడిచాయి. సొరుగులో గుండీలు, మార్కింగు సుద్ద, పగిలిన బాబిన్‌తో పాటు ఓ నోటుపుస్తకం దొరికింది. వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ, ఎవరు ఎంత బాకీయో అందులో ఉన్నాయి. కొన్ని బాకీల పక్కన కొట్టివేత లేదు. అడిగుండదు, అమ్మమ్మ సంగతి మాకు తెలుసు.

అంటే ఈ మిషను మా ఇంటికొచ్చినప్పుడే సెకండ్ హాండు. క్లైడ్‌బ్యాంక్ నుంచి ఎవరో ఏజెంటుకి, ఆయన నుంచి టైలరుకి, టైలరు నుంచి అమ్మమ్మకి. మనం "మా వంశపు వస్తువు" అనుకుంటున్నాం గానీ, దాని ప్రయాణంలో మనం ఓ మజిలీ మాత్రమే. అప్పుడా టైలరు "నా జ్ఞాపకం" అని దుప్పటి కప్పి పెట్టుకునుంటే మా అమ్మ ఇంటరు చదివేది కాదు. ఈ ముక్క చెప్పాకే అమ్మ పార్టీ కాస్త మెత్తబడింది.

మరి మావయ్య మార్గం ఏం తప్పు అంటారా? వచ్చినాయనకి కావాల్సింది ఇనుప స్టాండు మాత్రమే. దాని మీద గ్లాసు పలక వేసి టేబుల్‌గా అమ్ముతాట్ట. హెడ్డు పాత ఇనుము కింద కిలోల లెక్క. ఈ ఫ్యాషను మనదే కాదు. ఆల్ సెయింట్స్ అనే బ్రిటిష్ బట్టల కంపెనీ తన దుకాణాల అద్దాల వెనక వరసలు వరసలుగా పాత కుట్టు మిషన్లు పేర్చి పేరు తెచ్చుకుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ అన్ని వందల మిషన్లు ఒక్క కుట్టు కూడా వెయ్యకుండా నిలబడి ఉండటం చూస్తే నాకు క్లార్క్ సుత్తి గుర్తొస్తుంది. పగలగొట్టినా, అలంకారంగా పెట్టినా మిషనుకి జరిగేది ఒకటే, పని ఆగిపోతుంది. బాగా విరిగిపోయినవాటితో టేబుళ్ళు చేసుకోండి, ఎవరొద్దన్నారు?

మ్యూజియమో? మొదటి తరం మిషను, అరుదైన మోడలు ఐతే తప్పకుండా మ్యూజియానికే ఇవ్వాలి. క్లైడ్‌బ్యాంక్ ఉన్న వెస్ట్ డన్‌బార్టన్‌షైర్ కౌన్సిల్ దగ్గర సింగర్ కంపెనీ కాగితాలూ, వందల కొద్దీ మిషన్లూ భద్రంగా ఉన్నాయి. లక్షల్లో తయారైన 15కె ఇంకోటి వాళ్ళకేం చేసుకోను?

ఇంకో రకం కొనుగోలుదారులు కూడా ఉంటారు, జాగ్రత్త. 2009 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలో ఓ పుకారు లేచింది. పాత సింగర్ మిషను సూదుల్లో "ఎర్ర పాదరసం" ఉంటుందని, దాంతో నిధులు తియ్యొచ్చనీ, అణుశక్తికి పనికొస్తుందనీ. సెల్‌ఫోను దగ్గర పెడితే లైను కట్టవుతుంది, అదే పరీక్షట. వందల రియాళ్ళ మిషన్లు రెండు లక్షల రియాళ్ళ దాకా పలికాయి. అలాంటి పదార్థమే లేదని పోలీసులు మొత్తుకోవాల్సి వచ్చింది. మీ పాత మిషనుకి ఎవరైనా లక్షలిస్తానంటే, అది మిషను మీద ప్రేమ కాదని గ్రహించండి :)

మిగిలింది పిన్ని మార్గం. కుట్టేవాళ్ళకి ఇవ్వడం. ఇది మా పిన్ని ఒక్కదాని ఆలోచన కాదు. ఇంగ్లండులో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే సంస్థ జనం వదిలేసిన పనిముట్లూ కుట్టు మిషన్లూ సేకరించి, వాలంటీర్లతో బాగుచేయించి ఆఫ్రికా దేశాలకి పంపుతూ వచ్చింది. మన దగ్గర 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలకి పనిముట్ల కోసం 15 వేల రూపాయల వోచరు పెట్టారు. ఉషా కంపెనీ 2011 నుంచి పల్లెల్లో కుట్టు బడులు పెట్టించి ఆడవాళ్ళకి నేర్పిస్తోంది. ఇన్ని పథకాల్లో కుట్టు మిషనే ఉందంటే దాని అవసరం తీరలేదనే కదా అర్థం. "ఈ రోజుల్లో ఇదెవరిక్కావాలి" అన్న ప్రశ్నకి ఇదే సమాధానం.

ఐతే ఇవ్వడం అనుకున్నంత తేలిక కాదు. పిన్ని వాళ్ళ వీధిలో జాకెట్లు కుట్టి, చీరలకి ఫాల్స్ వేసే ఓ ఆవిడ ఉన్నారు. ఉన్నదొక్కటే మిషను, కోడలు కూడా పని నేర్చుకుంటోంది. విషయం చెప్తే ఎగిరి గంతేస్తారనుకున్నాం. ఆవిడ వచ్చి చక్రం తిప్పి చూసి, బాబిన్ కేసు బయటికి తీసి చూసి, మొదటగా అడిగింది ఇదీ: "బాబూ, దీనికి మోటారు పడుద్దా? రోజంతా తొక్కే ఓపిక మా పిల్లకి లేదు." అమ్మ మొహం కాస్త మాడింది. అమ్మమ్మ ముప్ఫయ్యేళ్ళు తొక్కింది కదా అని ఆవిడ బాధ. నాకు మాత్రం ఆ ప్రశ్న నచ్చింది. మిషనుని ఫొటోలా కాకుండా పనిముట్టులా చూసిన మనిషి ఆవిడొక్కరే.

మోటారు పడుతుంది. బెల్టుతో తిరిగే చక్రం ఉన్నప్పుడు ఆ బెల్టు కాలితో తిప్పితేనేం, మోటారుతో తిప్పితేనేం. మెకానిక్ వచ్చి ఎండిపోయిన పాత నూనె కరిగించి, టెన్షన్ స్ప్రింగు మార్చి, కొత్త బెల్టు వేసి తొమ్మిదొందలు తీసుకున్నాడు. అది మేం ఇచ్చాం. మిషను మాత్రం ఆవిడ ఊరికే తీసుకోనన్నారు. "ఊరికే ఒద్దండీ, ఎంతో కొంత తీసుకోండి. రేపు మోటారు పెట్టినా, పక్కింటోళ్ళకి అమ్ముకున్నా మీకు చెప్పుకోవాల్సిన పని ఉండకూడదు." పదిహేనొందలు అనుకున్నాం, రెండుసార్లుగా ఇచ్చేశారు.

క్లార్క్ వాయిదాల పద్ధతిలో మంచి ఏమన్నా ఉందంటే అది ఇదేననిపించింది. తాను లాభం కోసమే చేసినా, కట్టేసినవాళ్ళని ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని యజమానుల్ని చేశాడు. దానంగా ఇచ్చిన వస్తువు మీద ఇచ్చినవాడి కన్ను ఎప్పుడూ ఉంటుంది. "మా అమ్మమ్మ మిషను జాగ్రత్తగా చూసుకుంటున్నారా?" అని మనం పండక్కోసారి అడుగుతూ ఉంటే అది వాళ్ళ మిషను ఎప్పటికవుతుంది? నోటుపుస్తకం అమ్మ దగ్గరుంది. నంబరూ ఓ ఫొటో నా దగ్గరున్నాయి. మాకు దక్కాల్సిన జ్ఞాపకం అంతే. మావయ్య మాత్రం స్టాండు రేటుకీ పదిహేనొందలకీ ఉన్న తేడా ఇప్పటికీ లెక్కేస్తున్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి చర్చే ఉంటే నాలుగు మాటలు చెప్తాను. ముందు నంబరు చూసి ఏ కాలందో తెలుసుకోండి. మరీ పాతదైతే ఇనుముకి వెయ్యకముందు తెలిసినవాళ్ళకి చూపించండి. చక్రం బిగుసుకుపోతే మిషను చచ్చిందని కాదు, నూనె ఎండిపోయిందని అర్థం కావొచ్చు. షటిల్, బాబిన్ కేసు ఉన్నాయో లేదో చూడండి. ఇచ్చేముందు బాగుచేయించే ఖర్చు మీరు పెట్టుకోండి, పాడైన మిషను ఇస్తే మన చెత్త వాళ్ళింటికి పంపినట్టే. తీసుకునేవాళ్ళకి ఏం కావాలో అడగండి. పికో, జిగ్‌జాగ్ కావాలంటే ఈ నల్ల మిషను చెయ్యదు, ఆ ముక్క ముందే చెప్పండి. వాళ్ళు డబ్బిస్తామంటే మొహమాటపడకుండా తీసుకోండి.

మీ మెట్ల కిందా ఒకటుంటే ఈ ఆదివారం దుప్పటి తీసి చక్రం ఓసారి తిప్పి చూడండి. కుట్టేవాళ్ళు ఎక్కడో ఉండరు, చాలావరకు మీ వీధిలోనే ఉంటారు.